పాటను బతికించినవారెవరు? - పర్సెల్, క్షేత్రయ్య

ఇంగ్లీషు సాహిత్యం చదివే మన విద్యార్థులకు డ్రైడెన్ పేరు తెలుసు. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషువారు తమ రాజు తల నరికిన సంగతీ, పదకొండేళ్ల తర్వాత రాజరికాన్ని మళ్లీ తెచ్చుకున్న సంగతీ పరీక్షల కోసమైనా చదువుతారు. కాని ఆ డ్రైడెన్ నాటకానికి సంగీతం కూర్చిన హెన్రీ పర్సెల్ పేరు వారి చెవిన పడదు. తెలుగు ఎం.ఏ. విద్యార్థి పరిస్థితి దీనికంటె మెరుగేమీ కాదు. దక్షిణాంధ్ర యుగం అనే అధ్యాయంలో క్షేత్రయ్య పేరు వస్తుంది, మువ్వగోపాల ముద్ర వస్తుంది, నాయికాభేదాల పట్టిక వస్తుంది. పదం ఎలా వినిపిస్తుందో మాత్రం రాదు. పాటను వినకుండా పుస్తకంలో చూసి మార్కులు తెచ్చుకునే చదువు రెండు చోట్లా ఒకటే.

పర్సెల్, క్షేత్రయ్య ఒకే శతాబ్దపు వాగ్గేయకారులు. క్షేత్రయ్య తరం ముగుస్తున్న కాలానికి పర్సెల్ ఇంకా బాలుడు. ఇద్దరూ రాజాస్థానాల నీడన పాట కట్టినవారే. ఇద్దరూ స్త్రీ గొంతుతో మాట్లాడినవారే. ఇద్దరి పాటలనూ తర్వాతి తరాల నీతిమంతులు కడిగి శుభ్రం చేయబోయారు. ఇంతవరకు పోలిక. ఒకరి పాట ప్రధానంగా కాగితం మీద నిలిచింది, మరొకరిది ప్రధానంగా కంఠంలో నిలిచింది. ఈ తేడా వారి ప్రతిభలో లేదు. వారు బతికిన సమాజాల నిర్మాణంలో ఉంది. పర్సెల్ జీవితాన్ని, రచనలను పరిచయం చేస్తూ, ఆయన పక్కన మన మొవ్వ వాగ్గేయకారుణ్ణి నిలబెట్టి ఒక ప్రశ్న వేసుకోవటం ఈ వ్యాసం ఉద్దేశం. మూడు వందల ఏళ్లకు పైగా ఒక పాట బతికిందంటే, దాన్ని బతికించిన చేతులు ఎవరివి? గొంతులు ఎవరివి?

రాజుల కొలువులో పాటగాడు

1642లో ఇంగ్లండులో రాజుకూ పార్లమెంటుకూ మధ్య యుద్ధం మొదలైంది. పార్లమెంటు నాటకశాలలను మూయించింది. చర్చిల్లోని ఆర్గాన్ వాద్యాలను తొలగించారు. ప్రార్థనలు పాడే గాయకబృందాలు చెదిరిపోయాయి. 1649లో మొదటి చార్లెస్ రాజును ఉరికంబానికి కాదు, గొడ్డలికి బలి ఇచ్చారు. అయితే ఆ కాలంలో సంగీతమే ఆగిపోయిందనుకోవటం పొరపాటు. కొలువు పోయిన వాద్యకారులు పట్టణాల్లో ఇళ్లకు వెళ్లి పాఠాలు చెప్పి పొట్ట పోసుకున్నారు. జాన్ ప్లేఫర్డ్ అనే పుస్తక వ్యాపారి 1651లో నాట్యాల వరసలను అచ్చువేసి అమ్మాడు. రాజు లేని కాలంలోనే సంగీతానికి అచ్చుయంత్రం, అంగడి దొరికాయి. ఈ చిన్న విషయాన్ని గుర్తుంచుకోవాలి. ముందు ముందు ఇది చాలా సంగతులను వివరిస్తుంది.

పర్సెల్ 1659లో లండన్ వెస్ట్‌మినిస్టర్‌లో పుట్టాడు. మరుసటి ఏడు రెండో చార్లెస్ తిరిగి వచ్చి సింహాసనం ఎక్కాడు. ఫ్రాన్సు రాజును చూసి తానూ ఇరవైనలుగురు వయొలిన్ వాద్యకారుల బృందాన్ని పెట్టుకున్నాడు. ప్రార్థనామందిరపు గాయకబృందాన్ని మళ్లీ మొదటినుంచి నిర్మించారు. పర్సెల్ తండ్రి ఆ రాజమందిర గాయకుడు. 1664లో తండ్రి చనిపోతే పినతండ్రి థామస్ పిల్లవాణ్ణి చేరదీశాడు. ఆయనా కొలువు సంగీతజ్ఞుడే. అంటే పర్సెల్‌కు సంగీతం వారసత్వంగా వచ్చిన వృత్తి. మన నట్టువాంగ కుటుంబాల్లో మాదిరిగా, పుట్టిన ఇంట్లోనే పనిముట్లు దొరికాయి.

బాలుడిగా రాజమందిర బృందంలో పాడాడు. 1673లో గొంతు మారింది. గొంతు మారిన పిల్లవాడికి బృందంలో చోటుండదు గనుక, రాజుగారి వాద్యాలను బాగుచేసే ఉద్యోగికి సహాయకుడిగా చేర్చుకున్నారు. 1677లో కొలువు వయొలిన్ బృందానికి సంగీతకర్త అయ్యాడు. 1679లో, ఇరవై ఏళ్ల వయసులో, వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఆర్గాన్ వాద్యకారుడయ్యాడు. తనకు ముందు ఆ పదవిలో ఉన్న జాన్ బ్లో ఆయనకు దారి ఇచ్చాడు. 1682లో రాజమందిర ఆర్గాన్ కొలువు కూడా వచ్చింది. పేరుకు పెద్ద పదవులే గాని, రెండో చార్లెస్ కొలువులో సంగీతజ్ఞుల జీతాలు ఏళ్ల తరబడి బకాయి పడటం మామూలు సంగతి.

పర్సెల్ వరసగా మూడు ప్రభుత్వాలకు పాట కట్టాడు. రెండో చార్లెస్ ఊరినుంచి తిరిగి వస్తే స్వాగతగీతం, 1685లో రెండో జేమ్స్ పట్టాభిషేకానికి స్తోత్రం, 1689 నుంచి 1694 వరకు మేరీ రాణి పుట్టినరోజులకు ఏటా ఒకటి చొప్పున ఆరు గీతాలు. జేమ్స్ క్యాథలిక్, ఆయనను తరిమి వచ్చిన విలియం, మేరీలు ప్రొటెస్టెంటులు. సింహాసనం మీది మనిషి మారాడు, మతం మారింది, పొగడ్త రాసే కలం మారలేదు. దీన్నిబట్టి పర్సెల్‌ను అవకాశవాది అనటం తేలిక. కాని ఆస్థాన కళాకారుడికి ఎంచుకునే స్వేచ్ఛ ఎంత ఉంటుందో ముందు ఆలోచించాలి. ఆ పొగడ్తల మాటలు ఈనాడు ఎవరికీ గుర్తులేవు. సంగీతం మాత్రం నిలిచింది.

రాజు కోసం కాకుండా తనకోసం రాసుకున్నవి కూడా ఉన్నాయి. 1680 వేసవిలో, ఇరవై ఒకటో ఏట, వయల్ అనే పాతకాలపు తీగవాద్యాల కోసం ఫాంటసియాలు రాశాడు. అప్పటికే వాటి కాలం దాటిపోయింది. నాలుగు గొంతులు నాలుగు దారుల్లో నడుస్తూ ఒకదాన్నొకటి అల్లుకునే ఆ రచనలను అచ్చు కూడా వేయించలేదు. ఆయన చేతిరాత పుస్తకాల్లోనే ఉండిపోయాయి. ఆ చేతిరాతలు ఈనాటికీ బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి.

విలియం, మేరీలు వచ్చాక కొలువు సంగీతానికి ఖర్చు తగ్గించారు. అప్పుడు పర్సెల్ నాటకశాల వైపు తిరిగాడు. 1690లో ‘డయోక్లీషియన్’, 1691లో డ్రైడెన్ రాసిన ‘కింగ్ ఆర్థర్’, 1692లో షేక్స్‌పియర్ నాటకం ఆధారంగా ‘ఫెయిరీ క్వీన్’, 1695లో ‘ఇండియన్ క్వీన్’ వచ్చాయి. చివరిది పేరుకు ఇండియన్ అయినా మన దేశపు కథ కాదు, మెక్సికో, పెరూల కథ. ఇప్పుడు ఆయన పోషకుడు రాజు ఒక్కడే కాదు. టిక్కెట్టు కొనుక్కుని వచ్చే లండన్ పట్టణవాసి కూడా. ఫ్యూడల్ ఆస్థానం నుంచి పెట్టుబడి అంగడికి కళ నడిచిన దారి ఒక్క మనిషి జీవితంలోనే కనిపిస్తుంది.

1694 డిసెంబరులో మేరీ రాణి మశూచితో చనిపోయింది. మరుసటి మార్చిలో జరిగిన అంత్యక్రియలకు పర్సెల్ సంగీతం కూర్చాడు. ఆ సంవత్సరమే నవంబరు 21న తానూ చనిపోయాడు. రాణి కోసం కట్టిన సంగీతంలో కొంత ఆయన అంత్యక్రియల్లోనూ వినిపించింది. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో తాను వాయించిన ఆర్గాన్ దగ్గరే పూడ్చిపెట్టారు. అప్పటికి ముప్పై ఆరేళ్లు. పెద్దవీ చిన్నవీ కలిపి ఎనిమిది వందలకు పైగా రచనలు మిగిలాయి.

డైడో రాణి పాట

పర్సెల్ రచనల్లో ఒక్కదాన్నే వినటానికి మనకు వ్యవధి ఉంటే ‘డైడో అండ్ ఈనియస్’ అనే ఒపేరా వినాలి. ఒపేరా అంటే మాట్లాడే చోటు కూడా పాటే అయిన నాటకం. మన యక్షగానం తెలిసినవారికి ఇది కొత్త కాదు. నేహమ్ టేట్ మాటలు రాశాడు. 1689 నాటికి చెల్సీలో ఆడపిల్లల పాఠశాలలో దీన్ని ప్రదర్శించారు. ఆ పాఠశాల నడిపిన జోసయస్ ప్రీస్ట్ వృత్తిరీత్యా నాట్యాచార్యుడు. మొత్తం గంటలో ముగిసే నాటకం. కథ వర్జిల్ కావ్యంలోనిది. కార్తేజ్ రాణి డైడో, ఓడ విరిగి వచ్చిన ఈనియస్‌ను ప్రేమిస్తుంది. అతడు రాజ్యస్థాపన అనే కర్తవ్యం పేరు చెప్పి ఆమెను వదిలిపోతాడు. ఆమె ప్రాణం విడుస్తుంది.

చివర డైడో పాడే పాట పర్సెల్ శిల్పానికి గీటురాయి. కింది తీగవాద్యాల్లో ఒక చిన్న వరస మొదలవుతుంది. అరస్వరం చొప్పున మెట్టు మెట్టుగా దిగే ఐదు కొలతల వరస అది. పాట అయ్యేదాకా ఆ వరస మారకుండా మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. పైన రాణి గొంతు మాత్రం ఆ వరస ఆగినచోట ఆగదు. అది ముగిసేసరికి ఈమె వాక్యం మధ్యలో ఉంటుంది. అది మొదలయ్యేసరికి ఈమె ఊపిరి తీసుకుంటూ ఉంటుంది. మారని విధి కింద, దాన్ని ఒప్పుకోని మనసు పైన. ఈ అర్థం మాటల్లో లేదు, కూర్పులోనే ఉంది. రచయితలు నేర్చుకోదగిన పాఠం ఇది. శిల్పం భావానికి తొడిగిన చొక్కా కాదు, ఇక్కడ శిల్పమే భావాన్ని చెబుతోంది.

పోయిన పుస్తకం, దొరికిన పుస్తకం

పర్సెల్ పాట కాగితం మీద నిలిచింది అన్నాను. కాని కాగితం తనంతట తాను నిలవదు. ఆయన పోయాక భార్య ఫ్రాన్సెస్ సంసారం ఈదటానికి భర్త రచనలను అచ్చువేయించింది. 1697లో సొనాటాలు, 1698లో ‘ఆర్ఫియస్ బ్రిటానికస్’ అనే పాటల సంపుటం, 1702లో దాని రెండో భాగం వచ్చాయి. అచ్చువేసినది ప్లేఫర్డ్ కొడుకు హెన్రీ. పర్సెల్ కీర్తి తర్వాతి శతాబ్దానికి చేరింది ముఖ్యంగా ఈ పుస్తకాల ద్వారానే. ఒక విధవరాలి అవసరం, ఒక వ్యాపారి లాభం కలిసి ఒక దేశపు సంగీతాన్ని కాపాడాయి.

అచ్చుకాని వాటి సంగతి వేరు. ‘డైడో’ పూర్తి స్వరలిపి పర్సెల్ చేతిరాతలో లేదు. మనకు దొరికే మొదటి పూర్తి ప్రతి పద్దెనిమిదో శతాబ్ది రెండో సగానిది. ‘ఫెయిరీ క్వీన్’ అయితే ఆయన పోయిన కొద్ది ఏళ్లకే కనబడకుండా పోయింది. 1701లో నాటకశాల వారు ఆ పుస్తకం తెచ్చిచ్చిన వారికి ఇరవై గినీల బహుమానమని ప్రకటించారు. ఎవరూ తేలేదు. రెండు వందల ఏళ్ల తర్వాత, 1901లో, లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్ గ్రంథాలయంలో అది బయటపడింది.

దొరికిన పుస్తకాన్ని మళ్లీ పాటగా మార్చినదెవరు? రాజుగారి ఒపేరాశాల కాదు. లండన్‌లో పనివాళ్లయిన స్త్రీపురుషుల కోసం పెట్టిన మోర్లీ కళాశాల. పగలంతా పనిచేసి సాయంత్రం చదువుకునే ఆ విద్యార్థులకు గుస్తవ్ హోల్స్ట్ అనే సంగీతకర్త పాఠాలు చెప్పేవాడు. వాద్యకారులకూ గాయకులకూ విడివిడిగా కావలసిన భాగాలన్నిటినీ ఆ విద్యార్థులు నెలల తరబడి చేత్తో ఎత్తి రాశారు. 1911 జూన్‌లో ‘ఫెయిరీ క్వీన్’ మళ్లీ వినిపించింది. రాజుల కాలపు సంగీతానికి రెండో జన్మ ఇచ్చినవారు శ్రమజీవులు. పర్సెల్ చరిత్ర రాసేవారు ఈ పేజీని వదిలిపెట్టరు. మన వాగ్గేయకారుల చరిత్రలో ఇలాంటి పేజీ ఏమైందన్నది ఇప్పుడు చూడాలి.

మొవ్వ నుంచి తంజావూరు దాకా

కొల్లేటికి దక్షిణాన ఉన్న మా కలిదిండి నుంచి ముదినేపల్లి, గుడివాడ, పామర్రు మీదుగా వెళితే కూచిపూడి, ఆ పక్కనే మొవ్వ. చేపల చెరువుల మధ్య మొదలైన దారి వరిచేల మధ్య ముగుస్తుంది. మొవ్వలో వేణుగోపాలస్వామి ఆలయం ఉంది. ఆ గోపాలుడే మువ్వగోపాలుడని, క్షేత్రయ్య స్వగ్రామం ఇదేనని మన పండితులు చాలామంది నిర్ణయించారు. అసలు పేరు వరదయ్య అనీ, క్షేత్రాలు తిరిగి పాడినందువల్ల క్షేత్రయ్య అయ్యాడనీ, మోహనాంగి అనే దేవదాసి ఆయన జీవితాన్ని మలుపు తిప్పిందనీ జనం చెప్పుకునే కథ. 1976లో అక్కినేని నాగేశ్వరరావు క్షేత్రయ్యగా వచ్చిన సినిమా ఈ కథకే బొమ్మ కట్టింది. పర్సెల్‌కు జీతాల లెక్కలు, నియామకపు పత్రాలు, సమాధి ఉన్నాయి. క్షేత్రయ్యకు కథ ఉంది, ఊరి పేరు ఉంది, పాట ఉంది.

కృష్ణా గోదావరుల మధ్యనుంచి కావేరి తీరానికి రాకపోకలు కొత్తవి కావు. రాజరాజనరేంద్రుని కలిదిండి తామ్రశాసనం ఇక్కడి యుద్ధంలో ప్రాణాలు విడిచిన చోళ సేనానుల పేర్ల మీద గుళ్లు కట్టించిన సంగతి చెబుతుంది. అది పదకొండో శతాబ్దం. పదిహేడో శతాబ్దానికి తంజావూరు, మధుర సింహాసనాల మీద తెలుగు నాయకులే ఉన్నారు. మొవ్వ ప్రాంతం గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో ఉంది. గోల్కొండ రేవుపట్టణం మచిలీపట్నం. అక్కడికి ఇంగ్లీషు కంపెనీ వర్తకులు 1611లోనే వచ్చి దిగారు. ఈ తీరపు అద్దకం గుడ్డలు లండన్ ధనికుల ఇళ్లకు చేరాయి. పర్సెల్ నాటకాలు చూసిన ప్రేక్షకులూ, క్షేత్రయ్య పదాలు విన్న పాదుషాలూ ఒకే వాణిజ్యపు రెండు కొసల్లో ఉన్నవారు.

మేరువపదం అని పేరుపడ్డ ఒక పదంలో క్షేత్రయ్య తన లెక్క తానే చెప్పుకున్నాడు. మధుర తిరుమలనాయకుని ఎదుట రెండు వేలు, తంజావూరు విజయరాఘవనాయకుని ఎదుట వేయి, గోల్కొండ పాదుషా కొలువులో నలభై రోజుల్లో పదిహేను వందలు. ఆ పదం ఆయనదేనా అని శంకించిన పండితులూ ఉన్నారు. ఏమైనా ఈ లెక్కలో నాలుగు వేలకు పైగా పదాలు తేలుతుంటే, మనకు దక్కినవి నాలుగు వందల లోపే. విజయరాఘవుడు 1673లో మధుర సైన్యంతో పోరాడి చనిపోయాడు. అదే ఏడు లండన్‌లో పర్సెల్ గొంతు మారి బృందం నుంచి బయటికి వచ్చాడు. తంజావూరు నాయకరాజ్యం అంతటితో ముగిసింది. పదాలు ముగియలేదు.

పదం ఏం చెబుతుంది?

పదానికి పల్లవి, అనుపల్లవి, చరణాలు ఉంటాయి. చౌకకాలంలో, ఎక్కువగా త్రిపుట తాళంలో నడుస్తుంది. కాంభోజి, ముఖారి, ఆనందభైరవి, సురటి వంటి రాగాల నిండు స్వరూపం తెలుసుకోవాలంటే సంగీత విద్యార్థులు ఈనాటికీ క్షేత్రయ్య పదాల దగ్గరికే వస్తారు. అనుపల్లవితో ఎత్తుకుని పల్లవికి రావటం పాడేవారి సంప్రదాయం. అభినయించే స్త్రీ ఒకే పాదాన్ని మళ్లీ మళ్లీ పాడిస్తూ ప్రతిసారీ ఒక కొత్త అర్థం చూపిస్తుంది. మొదటిసారి నిష్ఠూరం, రెండోసారి వెటకారం, మూడోసారి దాచుకున్న దుఃఖం. డైడో పాటలో కింది వరస మారకుండా ఉంటే పై గొంతు మారింది. పదంలో మాట మారకుండా ఉంటే కన్ను, చెయ్యి, గొంతు మారతాయి. రెండింటిలోనూ పునరుక్తి మీదనే భావం నడుస్తుంది.

అయితే ఒక పెద్ద తేడా ఉంది. డైడో రాణి. వదిలివేయబడ్డ రాణికి కవి ఇచ్చిన దారి ఒక్కటే, హుందాగా చనిపోవటం. క్షేత్రయ్య నాయిక చనిపోదు. చాలా పదాల్లో ఆమె వృత్తి స్త్రీ. వచ్చినవాణ్ణి వాకిట్లో నిలబెట్టి అడుగుతుంది, సొమ్ము లెక్క తీస్తుంది, నిన్న ఎక్కడ ఉన్నావని నిలదీస్తుంది, చెలికత్తెతో ఎగతాళి చేస్తుంది, తలుపు వేస్తుంది. అవతలివాడు దేవుడే కావచ్చు, ఆమె ఇంటి గడపలో మాత్రం వాడొక విటుడు. ఈ స్త్రీలో ఫ్యూడల్ సమాజపు దోపిడీ ఉంది, నిజమే. ఆ దోపిడీలో నిలబడి బేరమాడే తెలివి, నోరు కూడా ఉన్నాయి. దక్షిణాంధ్ర యుగాన్ని క్షీణయుగమని ఒక్కమాటతో కొట్టివేసిన విమర్శ ఈ రెండోదాన్ని చూడలేదు.

మరోవైపు భక్తులు ఈ నాయికను జీవాత్మగా, విటుణ్ణి పరమాత్మగా మార్చి ఒడ్డెక్కించారు. ఇంగ్లండులోనూ ఇదే జరిగింది. పర్సెల్ సారాయి దుకాణాల్లో స్నేహితులు పాడుకునే మోటు పాటలు యాభైకి పైగా కట్టాడు. తర్వాతి కాలపు సంపాదకులు వాటి మాటలు మార్చి అచ్చువేశారు. కొందరు తిట్టి పక్కన పెట్టారు, కొందరు కడిగి పూజలో పెట్టారు. పాటను ఉన్నదున్నట్టుగా వినటానికి రెండు పక్షాలకూ ధైర్యం లేకపోయింది.

పేరులేని గ్రంథాలయాలు

తంజావూరు నాయకులు పోయాక మరాఠా రాజులు వచ్చారు, ఆ తర్వాత ఇంగ్లీషువారు. రెండున్నర శతాబ్దాలపాటు క్షేత్రయ్య పదాలను ఎవరు మోశారు? తాటాకుల్లో సాహిత్యం కొంత ఉంది. కాని తాటాకులో రాగం పేరు ఉంటుంది గాని రాగం ఉండదు. అది దేవదాసీల, కళావంతుల కంఠాల్లో ఉంది. తల్లి దగ్గర కూతురు, మేనత్త దగ్గర మేనకోడలు కూర్చుని నేర్చుకున్నారు. తమిళదేశంలో, ఇంట తమిళం మాట్లాడే కుటుంబాలు ఈ తెలుగు పదాలను అక్షరం పొల్లుపోకుండా కాపాడాయి. వీణ ధనమ్మాళ్, ఆమె మనుమరాళ్లు బృంద, ముక్త, బాలసరస్వతి ఆ కోవలోనివారు. గోదావరి తీరపు పల్లెల్లో కళావంతుల మేళాలు ఈ పదాలను పెళ్లిపందిళ్లలోనూ, ఆలయాల్లోనూ అభినయించాయి. బల్లిపాడు సరిదె మాణిక్యమ్మ వంటి వారు ఆ విద్యను మన కాలందాకా తెచ్చారు.

1904లో సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురంలో అచ్చువేయించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలో స్వరలిపితో వచ్చిన మహాగ్రంథం. అందులో క్షేత్రయ్య పదాలకు చోటు దొరికింది. స్వతంత్రం వచ్చాక విస్సా అప్పారావు వంటి వారి కృషివల్ల పదసంపుటాలు వెలువడ్డాయి. ఈ పండితులకు మనం రుణపడి ఉన్నాం. కాని పుస్తకాల ముఖపత్రాల మీద సంపాదకుని పేరు ఉంటుంది, పోషకుని పేరు ఉంటుంది. నూటికి తొంభైపాళ్లు ఆ పదాలను తమ గొంతులో దాచి ఇచ్చిన స్త్రీల పేర్లు ఉండవు. ఫ్రాన్సెస్ పర్సెల్ పేరు చరిత్రలో ఉంది. మోర్లీ కళాశాల పనివాళ్ల పేరు చరిత్రలో ఉంది. మన కళావంతులు గ్రంథాలయాలుగా పనిచేసి కూడా సాహిత్య చరిత్రలో అధస్సూచికగానైనా మిగలలేదు.

సంస్కరణ మిగిల్చిన బాకీ

ఇక్కడ అభ్యుదయ రచయితలు తమను తాము ప్రశ్నించుకోవలసి ఉంది. కందుకూరి వీరేశలింగం భోగంమేళాల మీద చేసిన పోరాటాన్ని మనం మన వారసత్వంగా చెప్పుకుంటాం. సరిగానే చెప్పుకుంటాం. పసిపిల్లను దేవుడి పేరుతో ఊరి పెద్దల పాలు చేసే ఆచారాన్ని సమర్థించేవాడు మనిషి కాడు. ముత్తులక్ష్మీరెడ్డి 1927లో మద్రాసు శాసనమండలిలో ఎత్తిన గొంతు, 1947లో వచ్చిన దేవదాసీ నిషేధ చట్టం అవసరమైనవే. ఆ కులంలోనే పుట్టిన యామినీ పూర్ణతిలకం వంటి స్త్రీలు ఈ ఉద్యమానికి నాయకత్వం వహించారన్నదీ మరువరాదు.

కాని సంస్కరణ నేరాన్ని, నేరానికి గురైనవారి విద్యను ఒకే మూటగా కట్టి పారవేసింది. ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ విషయంలో ఇది స్పష్టంగా కనిపించింది. వీరేశలింగం ఆ కావ్యాన్ని అసహ్యించుకున్నారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో దాన్ని పరిష్కరించి వావిళ్ళవారి ద్వారా అచ్చువేయించింది. మరుసటి ఏడు ప్రభుత్వం నిషేధించింది. నిషేధం తొలగింది 1947లో. ఒక దేవదాసి రాసిన పుస్తకాన్ని మరో దేవదాసి కాపాడబోతే, సంస్కర్త నీతి, తెల్లదొర చట్టం ఒకే వైపు నిలబడ్డాయి.

పదాల విషయంలోనూ అంతే. కళావంతులకు మేళం పోయింది, దాని స్థానంలో ఉపాధి రాలేదు. పాట తెలిసిన తల్లులు, కూతుళ్ల పెళ్లిళ్లు చెడతాయన్న భయంతో పాడటం మానుకున్నారు. అదే కాలంలో నగరాల సభావేదికల మీద ఆ పదాలే, శృంగారం తగ్గించి, పెద్దకులాల పిల్లలకు గౌరవప్రదమైన కళగా మారాయి. శృంగారాన్ని తీసివేస్తే పదం చచ్చిపోతుందని బాలసరస్వతి చివరిదాకా వాదించింది. విద్య చేతులు మారింది. దాన్ని అంతకాలం మోసిన చేతులకు పరిహారం గాని, పేరు గాని దక్కలేదు. దీన్ని సంస్కరణ అనటం కంటె ఆస్తి బదిలీ అనటం సబబు. నటరాజ రామకృష్ణ గోదావరి పల్లెల్లో తిరిగి వృద్ధులైన కళావంతులను వెతికి, వారి దగ్గర మిగిలిన అభినయాన్ని పోగుచేసేనాటికి చాలా గొంతులు మూగబోయాయి.

మేరువపదం లెక్క నిజమే అయితే, పది పదాల్లో తొమ్మిది పోయాయి. కొన్ని క్షేత్రయ్య కాలంలోనే పోయి ఉంటాయి. కాని కొన్నయినా మన తాతల కాలంలో, మన చట్టాల వల్ల, మన మౌనం వల్ల పోయాయి. లండన్‌లో పోయిన ‘ఫెయిరీ క్వీన్’ రెండు వందల ఏళ్లకు ఒక బీరువాలో దొరికింది. పాడే మనిషితోపాటు పోయిన పదం ఏ బీరువాలోనూ దొరకదు.

కాబట్టి విద్యార్థులకు ఒక మాట. క్షేత్రయ్య మీద వ్యాసం రాసేటప్పుడు నాయికాభేదాల పట్టికతో ఆగిపోవద్దు. ఆ పదం ఎవరు పాడగా మనకు చేరిందో అడగండి. దొరికిన పేరును రాయండి. బృంద, ముక్తల గొంతులో ఒక పదాన్ని, ఆ వెంటనే డైడో పాటను వినండి. రచయితలకు మరొక మాట. మోర్లీ కళాశాల విద్యార్థులు తమది కాని రాజుల సంగీతాన్ని తమ చేతులతో ఎత్తి రాసుకుని తమదిగా చేసుకున్నారు. క్షేత్రయ్యను రాజుల కవి అని వదిలేసినా, భక్తుడని దండం పెట్టి ఊరుకున్నా, ఆ పని మనం చేయనట్టే. కృష్ణా, గోదావరి పల్లెల్లో పాత కళావంతుల ఇళ్లలో ఇంకా ఎవరికైనా ఒక్క పదం, ఒక్క చరణం జ్ఞాపకం ఉంటే, వారి పేరుతో, వారి సమ్మతితో దాన్ని నమోదు చేయటం మన సంఘాల పని. అది దయ కాదు. చాలాకాలంగా మిగిలిపోయిన బాకీ.